అర్హతయా? అవకాశమా?

కళాశాలలో ప్రవేశము గోరు విద్యార్థులు నింపవలసిన దరఖాస్తులలో కొన్నింట ఒక గడి యుండును. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, పరీక్షలలో వచ్చిన మార్కులు – ఇవన్నియు ముగిసిన పిమ్మట వచ్చు గడి యది. పాఠ్యేతర వ్యాసంగములు, పొందిన బహుమతులు, వహించిన బాధ్యతలు అని దానికి శీర్షిక. చూచుటకు చిన్నదే. కాని అందులో నేమి వ్రాయవలెనో తోచక ఒక బాలిక మా యింటి యరుగుమీద రెండు గంటలసేపు కలము పట్టుకొని కూర్చుండుట మేము చూచితిమి. నాడు కలిగిన సందేహము నేటికిని తీరలేదు. సంఘ సంచికకు వ్యాసము వ్రాయుమని మిత్రులు కోరినప్పుడు, మన పూర్వవైభవమును వర్ణించుటకంటె ఆ సందేహమును పాఠకుల ముందుంచుటయే మేలని తోచినది.

దూరమున నున్న పాఠకులకొరకు మా యూరిని గూర్చి కొంత చెప్పవలెను. ఉప్పర్వాహి మహారాష్ట్రమున చంద్రపూరు జిల్లాలో, కోర్పనా తాలూకాలో నున్నది. ఇది సున్నపురాతి నేల. ఆ రాతినిబట్టియే మా యూరను, సమీపమున గడ్‌చాందూరు, ఆవార్‌పూరులలోను సిమెంటు కర్మాగారములు వెలసినవి. వార్ధానది పరిసరములలో బొగ్గుగనులు. పని యున్నచోటికి తెలుగువాడు పోవుట వింత గాదు. అయితే ఇచ్చటి తెలుగువారందరును పొట్టకూటికై వలస వచ్చినవారే యనుట చరిత్ర నెరుగని మాట. రాజురా ప్రాంతము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో, ఆదిలాబాదు జిల్లాలో నుండెను. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున బొంబాయి రాష్ట్రమునకు, నాందేడు జిల్లాకు చేరి, 1959లో చాందా జిల్లాకు వచ్చెను. ఆ చాందాకే తరువాత చంద్రపూరను పేరు వచ్చినది. మా కోర్పనా తాలూకా ఆ పాత రాజురానుండి విడివడినదే. కనుక మా పెద్దలలో కొందరు ఇల్లు కదలకయే మూడు జిల్లాలు మారిరి. పొరుగున జివతి తాలూకాలోని 14 గ్రామములను గూర్చి మహారాష్ట్ర, తెలంగాణములకు చిరకాలపు వివాదమున్నది. అచ్చట మరాఠీ బడియు, తెలుగు బడియు రెండును పెట్టిరి. బడులు రెండైనంత మాత్రమున పిల్లవాని సాయంకాలము నిండునా యనునది వేరు ప్రశ్న.

ఆ సాయంకాలమే మన ప్రస్తుత విషయము. పాఠములు ముగిసిన తరువాత, మేమెరిగిన ఉన్నత పాఠశాలలలో నేమి జరుగును? ఆగస్టు 15, జనవరి 26 తేదీలలో కవాతు. సంవత్సరమున కొకమారు స్నేహసమ్మేళనము. పిల్లలు దానిని 'గ్యాదరింగ్' అందురు. నేల సమముగా నున్నచో కబడ్డీ, ఖోఖో. చిత్రలేఖనము నేర్పు ఉపాధ్యాయు డున్నచోట ఎలిమెంటరీ, ఇంటర్మీడియేట్ పరీక్షలు. మహారాష్ట్రమున ఈ చిత్రలేఖన పరీక్షలకు మంచి సంప్రదాయమున్నది; వానిలో ఉత్తీర్ణులైన పిల్లలకు పదవ తరగతిలో కొన్ని యదనపు మార్కులు గూడ లభించును. శాస్త్రీయ సంగీత నృత్యములకును, జానపద కళలకును, క్రీడలకును అట్టి యేర్పాటే కలదు. సంతోషమే. కాని చిత్రలేఖనోపాధ్యాయుడే లేని బడిలోని పిల్ల ఆ మార్కులను ఎచ్చటినుండి తెచ్చుకొనును? వక్తృత్వపు పోటీకి జిల్లా కేంద్రమునకు పోయినచో, చివరి బస్సు తప్పిన పిమ్మట ఇల్లు చేరు టెట్లు? పాఠ్యేతర విద్యను గూర్చి పెద్దలు వ్రాసిన గ్రంథములు కొన్ని మేము చదివితిమి. ఈ చివరి బస్సు ప్రస్తావన ఎందును మాకు కానరాలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు ఆటస్థలము, గ్రంథాలయము ఉండవలెనని చెప్పినది గాని, ఆ చట్టము ఎనిమిదవ తరగతితో నాగిపోవును. కళాశాల దరఖాస్తు పన్నెండవ తరగతిలో వచ్చును.

మా యరుగుమీద కూర్చున్న బాలిక తండ్రి రాతి క్వారీలో కంట్రాక్టు కూలి. పదవ తరగతిలో ఆమెకు మంచి మార్కులు వచ్చినవి. ఉత్తరదేశమున ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయమువారు పేద విద్యార్థులకు ఫీజు లేకుండ చదువు చెప్పుదురని ఎవరో చెప్పగా, గడ్‌చాందూరులో ఒక ఇంటర్నెట్టు దుకాణమున దరఖాస్తును అచ్చు తీయించుకొని వచ్చెను. ముందు కాగితముమీద చిత్తు వ్రాసి, పిదప కంప్యూటరులో నింపవలెనట.

"సారూ, గిండ్ల ఏం రాయాలె?" అని యడిగెను.

నీవు చేయునదే వ్రాయుమంటిమి.

"నేనేం జేస్తలేను సారూ."

ఆమె యేమియు చేయనిదా? తల్లి తెల్లవారకమునుపే పనికి పోవును గనుక వంటయు, తమ్ములిద్దరిని బడికి పంపుటయు ఆమె వంతు. వాడలోని ముసలివారికి బ్యాంకునుండియో, తహసీలు కచ్చేరినుండియో మరాఠీలో కాగితము వచ్చినచో దానిని చదివి తెలుగులో చెప్పునది ఆమెయే. గర్భిణీస్త్రీలు ప్రభుత్వ వైద్యశాలకు పోవునప్పుడు ఆమెను వెంట తీసికొనిపోవుదురు. వారి తెలుగును వైద్యునకు మరాఠీలోను, వైద్యుని మరాఠీని వారికి తెలుగులోను చెప్పవలెను. అందులో అన్నియు పెండ్లికాని పిల్ల నోట పలుకదగిన మాటలు కావు; అయినను పలుకును. బతుకమ్మ తొమ్మిది దినములును మా వాడలో పాట నెత్తుకొనునది ఆమె. తన నాయనమ్మవద్ద విన్న పాటలు ఎన్ని తెలియునని అడిగితిమి. లెక్క పెట్టలేదనెను.

"ఇవి వ్రాయుము" అంటిమి.

నవ్వి, "గది పనే గద సారూ. గది గూడ రాస్తరా?" అనెను.

మేము నిరుత్తరులమైతిమి. అవసరము లేకుండ చేసినచో వ్యాసంగము. అవసరమునుబట్టి చేసినచో పని. పట్టణమునందలి సంపన్నుని కుమారుడు నెలకొక ఆదివారము బస్తీకి పోయి అక్షరములు నేర్పినచో అది సమాజసేవ; ధ్రువపత్రము లభించును. ఆ బస్తీలోనే పుట్టి, దాని కాగితములన్నియు పదేండ్లనుండి చదివి పెట్టుచున్న పిల్ల చేసినది ఏమియు లేదు! ఈ విభాగమును దరఖాస్తు వ్రాసినవారు బుద్ధిపూర్వకముగా చేసియుండరు. అంతకంటె విషాదమేమనగా, ఆ బాలిక కూడ దానిని నమ్మినది.

ఈ గడి ఎట్లు పుట్టినదో విచారించినచో రెండు వంశవృక్షములు కనబడును. ఒకటి సదుద్దేశము గలది. 1952–53లో లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషను, ఒక్క తుది పరీక్షతో విద్యార్థిని తూచరాదనియు, పాఠశాలలో అతడు గడిపిన యేండ్ల వృత్తాంతమును గూడ గణింపవలెననియు చెప్పెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము పాఠ్యము, పాఠ్యేతరము అను గోడయే ఉండరాదన్నది. వీనితో ఎవరికిని పేచీ లేదు. రెండవ వంశము అమెరికాకు చెందినది. అంత గౌరవప్రదమైనది కాదు. 1922లో హార్వర్డు విశ్వవిద్యాలయాధ్యక్షుడు లోవెల్, పరీక్షలలో నెగ్గి వచ్చుచున్న యూదు విద్యార్థుల సంఖ్యకు హద్దు పెట్టవలెనని సంకల్పించెను. బాహాటముగ హద్దు పెట్టుటకు అధ్యాపకు లంగీకరింపలేదు. 1926 నాటికి మార్కులతోపాటు శీలమును, వ్యక్తిత్వమును చూడవలెనను పద్ధతి స్థిరపడెను. యూదుల సంఖ్య తగ్గెను. శీలము చూడవలెననుటను ఎవరు కాదనగలరు? చూచు కన్ను ఎవరిది యనునదే చిక్కు. ఆ చిక్కు వందేండ్లకు మనవారిని గూడ తాకినది. 2023 జూను 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డుపై వచ్చిన వ్యాజ్యమున, ప్రవేశములందు జాతిని లెక్కించుట చెల్లదని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యమున బయటపడిన లెక్కలనుబట్టి ఆసియా సంతతి పిల్లలకు చదువులోను, వ్యాసంగములలోను మంచి అంకెలే వచ్చినవి. వ్యక్తిత్వమను గడిలో తక్కువ వచ్చినవి. దురుద్దేశము లేదని క్రింది న్యాయస్థానము 2019లో చెప్పియుండెను. ఉండకపోవచ్చును. గడులకు దురుద్దేశ మక్కరలేదు.

అట్లయిన ఆ గడిని తొలగించి, మార్కులనే ప్రమాణముగా గొన్నచో న్యాయము జరుగునా? మన దేశమున పెద్ద చదువులకు పెక్కింట జరుగుచున్నది అదియే. వైద్యవిద్యకు నీట్, ఇంజనీరింగునకు జె.ఇ.ఇ. – వీనికి పాటతో, నాటకముతో పని లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఎంసెట్ ద్వారా జరిగిన ఇంజనీరింగు ప్రవేశములలో నూటి కొక సీటు ఎన్.సి.సి. వారికి, రెండువందల కొక సీటు ఆటగాండ్రకు ఉంచెడివారు. అంతకు మించి ఆ గడికి విలువ లేదు. (ఎన్.సి.సి. 1948 నాటి చట్టముచే నేర్పడినది. అయినను ఆ దళము ప్రతి బడిలో నుండదు. లేనిచోటి పిల్లవానికి ఆ నూటి కొక సీటు గూడ లేదన్నమాట.) దీని ఫలితమును తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. విజయవాడలోను, హైదరాబాదులోను పలు అంతస్తుల భవనములలో ఇంటర్మీడియేటు చదివిన పిల్లల నడుగుడు. ఆటస్థలము లేని కళాశాలలో రెండేండ్లు గడపినవారు మన బంధువులలోనే ఎందరు లేరు! తెలుగుజాతి ఈ ప్రశ్నను సాయంకాలమునే రద్దుచేసి పరిష్కరించుకొన్నది. ఆ భవనములలో చేరుటకు గూడ లక్షలు గావలెను. కనుక మార్కులు మాత్రము కులము, ధనము, ఊరు ఎరుగని పవిత్ర వస్తువులని మేమనము. అవియు కొంతవరకు కొనదగినవే. అయితే ఒక భేదమున్నది. గణితపుస్తకము ఉప్పర్వాహికి వచ్చును. వయొలిను గురువు రాడు.

లెక్కించినచో ఒక కీడు, లెక్కింపనిచో మరియొక కీడు. లెక్కించుటలోని కీడును దేశమంతయు కొంతకాలము చూచినది. సి.బి.యస్.ఇ. వారు 2009లో నిరంతర సమగ్ర మూల్యాంకనమను పద్ధతిని తెచ్చిరి. కళలకు, ఆటలకు, తోటివారితో మెలగు తీరునకు గూడ గ్రేడులు. అవి బాగున్నచో పాఠ్యవిషయములందలి గ్రేడు పైమెట్టునకు పోవుట కవకాశము. తండ్రులు రాత్రులు మేలుకొని అట్టముక్కలు కత్తిరించిరి. ప్రాజెక్టులు దుకాణములలో తయారుగా దొరకినవి. 2017లో ఆ పద్ధతిని విరమించిరి. పిల్లవాడు పాడినచో బాగుండునని యెవరో తలచిరి. పాటకు మార్కు వచ్చుసరికి పాట పోయి మార్కు మిగిలినది. అమెరికాలోని మన పిల్లల విషయమున మాత్రము తీర్పు చెప్పుటకు మేము జంకుచున్నాము. అచ్చటి జాతీయ స్పెల్లింగు పోటీలో 2002, 2003, 2016, 2018, 2024 సంవత్సరములలో తెలుగు కుటుంబముల పిల్లలు గెలిచిరి. అది కళాశాల కొరకు పడిన శ్రమ యని ఎకసెక్కెము చేయువారున్నారు. కాని అట్టి పోటీలకు ఊరూర పిల్లలను సిద్ధముచేయు నార్త్ సౌత్ ఫౌండేషను, 1989లో చిట్టూరి రత్నంగారు స్థాపించినది, భారతదేశమున పేద విద్యార్థులకు విద్యార్థివేతనములిచ్చు సంస్థయే. అక్కడి పిల్ల వ్యాసంగమును, ఇక్కడి పిల్ల ఫీజును ఒకే కప్పు క్రిందికి చేర్చిన యీ యేర్పాటును నవ్వి త్రోసివేయుటకు మాకు మనసొప్పదు.

ఇక ఆ దినము జరిగినది. చీకటిపడు వేళకు బాలిక తండ్రి క్వారీనుండి వచ్చెను. గడి ఖాళీగా నుండుట చూచి, కొంత తడవు ఊరకుండి, మాతో నిట్లనెను: "జర రాసియ్యుండ్రి సారూ. మీ సంఘంల పిల్లల సభకు గీమె కార్యదర్శి అని రాయుండ్రి. పట్నపోల్లు పైసలు పెట్టి రాపిచ్చుకుంటున్నరట. మాతాన పైసల్లేవు. మీతాన ముద్రున్నది."

సంఘపు ముద్ర మావద్ద నుండుట నిజము. పిల్లల సభ లేకపోవుటయు నిజము. ధనికుల పిల్లలకు ఇట్టి వ్యాసంగములను సమకూర్చిపెట్టు సలహాదారులు మహానగరములలో ఉన్నమాటయు అబద్ధము గాదు. ఆయన యడిగినది మోసమని మేమనుకొనలేదు. సమానత్వమును తనకు తెలిసిన మార్గమున అడిగెను.

మాకు భారతమునందలి కుమారాస్త్రవిద్యాప్రదర్శనము జ్ఞప్తికి వచ్చినది. అర్జునుడు చూపిన విద్యలన్నియు కర్ణుడును చూపెను. ద్వంద్వయుద్ధమునకు నిలిచినప్పుడు కృపాచార్యుడు అతని కులమును, తలిదండ్రులను చెప్పుమనెను. విద్యను గూర్చిన సభలో అడిగినది పుట్టుకను గూర్చి. కర్ణుడు తల వంచుకొనెను. మా యరుగుమీది బాలికవలెనే. అప్పుడు దుర్యోధనుడు అప్పటికప్పుడే అంగరాజ్యపట్టము గట్టి ఆ గడిని నింపెను. ఆ ముద్రకు కర్ణుడు చెల్లించిన మూల్యము అందరికిని తెలిసినదే. ఈ కథ ముద్ర వేయకుమని చెప్పుచున్నదని మొదట తోచినది. ఆలోచించినకొలది మరియొకటి తోచినది: ఆ సభలో భీష్ముడును, ద్రోణుడును కూర్చుండియే యున్నారు. ఆ ప్రశ్న అడుగరానిదని వారిలో నొక్కరును అనలేదు. ధర్మాత్ములు నోరు మూసికొన్నచోట అధర్మపరుని చేయి ఒక్కటే చాచబడినది.

మేము ముద్ర వేయలేదు. దానికి బదులు ఆమె నిజముగా చేయు పనులను గూర్చి రెండు పుటల ఉత్తరము మా చేతితో వ్రాసి, దరఖాస్తునకు జతపరచితిమి. గడిలో ఆమెచేతనే నాలుగు పంక్తులు వ్రాయించితిమి. అమెరికాలో పెక్కు కళాశాలలకు ఉమ్మడిగా నున్న కామన్ అప్లికేషనులో పది వ్యాసంగములకు చోటుండుననియు, కుటుంబ బాధ్యతయు, కూలిపనియు ఆ జాబితాలో చేరియున్నవనియు మాకు తెలియును. పాఠశాలలో ఏయే యవకాశములున్నవో తెలుపు పత్రమును గూడ అచ్చటి బడులు వేరుగా పంపును. ఆ పద్ధతి మాకు న్యాయముగా తోచినది. చిత్రలేఖనోపాధ్యాయుడు లేకపోవుట బడిలోని ఖాళీ. దానిని పిల్ల గడిలో చూపరాదు. కాని మా చేతిలోనున్న దరఖాస్తులో బడిని గూర్చిన ప్రశ్న ఒక్కటియు లేదు.

ఆమెకు సీటు రాలేదు. కారణము తెలుపలేదు, తెలుపు ఆచారము లేదు కాబోలు. గోండ్వానా విశ్వవిద్యాలయము క్రిందనున్న ఒక కళాశాలలో ఇప్పుడు బి.యస్సి. చదువుచున్నది. బస్సులో పోయి వచ్చును. ఎట్లున్నదమ్మా అని యడిగినచో "బాగనే ఉన్నది సారూ" అనును. ఆమె తండ్రి మాత్రము మా యరుగెక్కుట మానెను. ఎదురుపడినచో నమస్కరించును.

మేము వేయని ముద్ర మా చేతులను శుభ్రముగా నుంచినది. ఆ శుభ్రతకు వెల చెల్లించినది మేము గాము. ముద్ర వేసియున్నచో సీటు వచ్చెడిదని చెప్పలేము. వచ్చియున్నచో మరి యే పల్లెపిల్ల సీటునో మా యబద్ధము తీసికొనియుండెడిదని మమ్ము మేము ఓదార్చుకొనుచున్నాము. ఈ వాదము తర్కమున నిలుచును. రాత్రివేళ నిలువదు. పరుల బిడ్డ భవిష్యత్తును పణముగా పెట్టి సత్యవ్రతము నెరపుట సులభమని హరిశ్చంద్రునికి తెలియదు. అతడు తన బిడ్డనే పెట్టెను.

గత సంవత్సరమునుండి ఆదివారము సాయంకాలములందు హనుమంతుని గుడి మండపమున పిల్లలను కూర్చుచున్నాము. కథ చదువుట, పాట పాడుట, చిన్న ప్రసంగములు. సంగీతోపాధ్యాయుడు లేడు, వాడలోని ముసలమ్మలున్నారు. ఆ బాలికయు వచ్చి, వారు పాడు బతుకమ్మ పాటలను ఒక రిజిస్టరులో వ్రాయుచున్నది. వారము మరచినచో ముసలమ్మలే గుర్తుచేయుదురు. మూడవ ఆదివారముననే తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు, కథ సగములో నుండగా చేయెత్తి, "సారూ, దీనికి సర్టిఫికెట్ ఇస్తరా?" అని యడిగెను. పిల్లలందరును మావైపు చూచిరి.

కార్యవర్గమున దీనిపై రెండు పక్షములున్నవి. ఇప్పుడు సభ నిజముగా నున్నది గదా, ఇచ్చిన దోషమేమని ఒక పక్షము. ఇచ్చినచో వచ్చువారు పాటకు రారని రెండవ పక్షము. గడ్‌చాందూరు ముద్రణశాలవారు నమూనా పంపినారు. అది మా బల్లమీద నున్నది. వచ్చు ఆదివారము మరల కూర్చుందుము.